తుంటి ఎక్స్‌రేలో వ్యూలు లెక్కపెట్టడం: గదిలోంచి కోడ్ దాకా

విశాఖలో కొన్నేళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేసి, తరువాత మెడికల్ కోడింగ్‌లోకి, అంటే డాక్టర్ల రిపోర్టులను బిల్లు కోసం కోడ్ నంబర్లుగా మార్చే పనిలోకి వచ్చాను. ఒకప్పుడు తుంటి ఫిల్ములు తీసేవాణ్ణి, ఇప్పుడు రుషికొండ వైపు ఆఫీసులో కూర్చుని అమెరికా ఆసుపత్రుల తుంటి రిపోర్టులకు కోడ్లు వేస్తున్నాను. కోడింగ్ నేర్చుకునే పిల్లలు ద్వారకానగర్ కోచింగుల్లో కోడ్లు బాగానే బట్టీపడతారు. 73502 అంటే రెండు లేక మూడు వ్యూలు (ఒక్కో కోణంలో తీసిన చిత్రం ఒక్కో వ్యూ) అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ వ్యూ అంటే ఏమిటో, టేబుల్ మీద రోగిని ఎలా పడుకోబెడితే ఒక వ్యూ అవుతుందో చూడకపోవడంతో చార్టు తెరవగానే లెక్క తప్పుతారు. అందుకే ఈ పనిని మొదటి మెట్టు నుంచి, అంటే డాక్టరు రాసిచ్చే చీటీ దగ్గర నుంచి రాస్తున్నాను.

చీటీ మీద ఎక్కువసార్లు 'ఎక్స్‌రే హిప్' అని మాత్రమే ఉంటుంది. ఏ వైపు, ఎన్ని వ్యూలు, ఎందుకు అన్న మూడూ ఉండవు. ఈ మూడే తరువాత కోడ్‌ని నిర్ణయిస్తాయి కాబట్టి వాటిని రాబట్టుకోకుండా రోగిని టేబుల్ ఎక్కించకూడదు. 'తుంటి నొప్పి' అన్న మాట దగ్గర జాగ్రత్తపడాలి. మన దగ్గర చాలామంది పిర్రల పైభాగాన్ని, నడుం పక్కను కూడా తుంటి అంటారు. "ఎక్కడమ్మా నొప్పి, వేలితో చూపించండి" అని అడగాలి. తుంటి కీలు నొప్పి సాధారణంగా గజ్జలో, తొడ ముందు వైపు తెలుస్తుంది. వేలు వెనక్కి, పిర్ర మీదికి వెళ్తే నడుం వెన్నుపూసల సంగతి కావచ్చు. ఆ మాట డాక్టరుకు చేరవేస్తే అనవసరపు ఎక్స్‌రే ఒకటి తగ్గుతుంది. పిల్లల్లో ఇంకో చిక్కుంది. తుంటి జబ్బు ఉన్న పిల్లాడు మోకాలు నొప్పి అంటాడు. పది, పన్నెండేళ్ల పిల్లాడు కుంటుతూ వచ్చి మోకాలు చూపిస్తే, మోకాలి ఎక్స్‌రే బాగుందని పంపేసే ముందు తుంటి సంగతి అడగడం నేను ఎప్పుడూ మానలేదు.

పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లను నెలసరి తేదీ అడగాలి. కటి భాగం ఎక్స్‌రేకి పడే డోసు ఛాతీ ఎక్స్‌రేతో పోల్చేది కాదు. ఛాతీకి సుమారు 0.02 మిల్లీసీవర్ట్ అయితే దీనికి 0.6 నుంచి 0.7 దాకా ఉంటుంది. ఒకసారి తీసింది పనికిరాక మళ్లీ తీస్తే అది రెట్టింపు. తుంటి దగ్గర రీటేక్‌ని అంత తేలిగ్గా తీసుకోలేం.

రీటేకులకు మా దగ్గర మొదటి కారణం యంత్రం కాదు, ఒంటి మీద ఉండేవి. మొలతాడుకి కట్టిన తాయెత్తు, వెండి బిళ్ళ సరిగ్గా కీలు మీద పడతాయి. లంగా నాడా ముడి, చీర కుచ్చిళ్ల దగ్గరి పిన్నీసు, ప్యాంటు జిప్పు, లుంగీ మడతలో దోపిన చిల్లర, జేబులో ఫోను కూడా అంతే. మొలతాడు తీయమంటే కొందరు ఒప్పుకోరు. తీయక్కర్లేదు, పైకి జరిపి పొట్ట మీద ఉంచితే చాలు. తడి గుడ్డ, కట్టు మీద రాసిన పసరు, జిగురు పట్టీ కూడా నీడ వేస్తాయి. గౌను ఇచ్చి మార్పించడమే మేలు. ఆడవాళ్లకు తోడుగా ఆడ సిబ్బందిని నిలబెట్టుకోవాలి.

ఇక టేబుల్ మీద. తుంటికి ఆధారం ముందు నుంచి వెనక్కి తీసే ఏపీ పెల్విస్ (కటి) వ్యూ. రోగి వెల్లకిలా పడుకుంటాడు. ట్యూబుకూ డిటెక్టర్‌కూ మధ్య దూరం 100 సెంటీమీటర్లు, గ్రిడ్ (చెదిరిన కిరణాలను ఆపే జాలి) తప్పనిసరి, మధ్యరకం ఒళ్లు ఉన్నవాళ్లకు 75 నుంచి 80 కేవీ (కిలోవోల్టులు). కేంద్ర కిరణం నడుం ముందు రెండు వైపులా చేతికి తగిలే ఎముక మొనల ఎత్తుకూ, ప్యూబిక్ సింఫసిస్ (కటి ఎముకలు ముందు వైపు కలిసే చోటు) ఎత్తుకూ మధ్యలో, ఒంటి నడిమి గీత మీద పడాలి. సింఫసిస్ కోసం పొత్తికడుపు కింద తడమక్కర్లేదు. తొడ పక్కన గట్టిగా తగిలే గ్రేటర్ ట్రోకాంటర్ కూడా దాదాపు అదే ఎత్తులో ఉంటుంది, దాన్ని పట్టుకుంటే చాలు.

అసలు కిటుకు పాదాల్లో ఉంది. తొడ ఎముక మెడ సహజంగా 15 నుంచి 20 డిగ్రీలు ముందుకు తిరిగి ఉంటుంది. మనిషి వదులుగా పడుకుంటే పాదాలు బయటికి వాలతాయి, అప్పుడు మెడ ఇంకా ముందుకు లేచి ఫిల్ములో పొట్టిగా కనిపిస్తుంది. మెడ పొట్టిగా పడిన ఫిల్ములో సన్నటి విరుగు దాక్కుంటుంది. అందుకని కాళ్లు మొత్తం తుంటి నుంచి 15 నుంచి 20 డిగ్రీలు లోపలికి తిప్పాలి. పాదం మాత్రమే తిప్పితే లాభం లేదు, మోకాలి చిప్ప కూడా లోపలికి తిరగాలి. "అమ్మా, కాలి బొటనవేళ్లు రెండూ తగిలించి, మడమలు జానెడు దూరంగా ఉంచండి" అంటే చాలామందికి సరిపోతుంది. ఇసక సంచి ఆనిస్తే కాళ్లు జారవు.

ఫిల్ము వచ్చాక మొదట లెసర్ ట్రోకాంటర్ చూస్తాను. తొడ ఎముక మీద లోపలి వైపు చిన్న బొడిపె. కాలు సరిగ్గా తిరిగితే అది కనిపించదు, లేక కొసమాత్రం కనిపిస్తుంది. నిండుగా కనిపిస్తే పాదం బయటికి వాలిందన్నమాట. తరువాత కటి ఎముకల్లోని రెండు ఆబ్చురేటర్ రంధ్రాలు ఒకే సైజులో ఉన్నాయా, తోకఎముక కొస సింఫసిస్‌కి సూటిగా ఉందా అని చూస్తాను. ఆ కొసకూ సింఫసిస్‌కూ మధ్య 1 నుంచి 3 సెంటీమీటర్లు ఉంటే కటి వంపు సరిపోయినట్టే. ఇది మరీ ఎక్కువ తక్కువైతే తొడ ఎముక తల కూర్చునే గిన్నె లోతు తప్పుగా కనిపించి, లేని జబ్బు ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పిన తిప్పుడంతా దెబ్బ తగలనివాళ్లకే. బాత్రూంలో జారిపడిన పెద్దావిడను స్ట్రెచర్ మీద తెస్తారు. కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి ఉంటుంది. ఆ కాలిని ముట్టుకోకూడదు. ఎలా ఉంటే అలాగే ఏపీ తీయాలి. లెసర్ ట్రోకాంటర్ నిండుగా పడుతుంది, పడనివ్వాలి. విరిగిన ముక్కలు కదిలితే తొడ ఎముక తలకు వెళ్లే రక్తనాళాలు తెగే ప్రమాదం ఉంది. ఆవిడ పక్కన నిలబడి "కాలు కదపకండమ్మా, మేమే ఎత్తుతాం" అని చెప్పి, దుప్పటి నాలుగు మూలలూ పట్టి ఒక్కసారిగా మార్చాలి.

రెండో వ్యూ లేటరల్, అంటే పక్క నుంచి తీసేది. ఇక్కడే కోడర్లు తికమకపడే రెండు పేర్లున్నాయి. ఫ్రాగ్ లెగ్ లేటరల్‌లో రోగి మోకాలు మడిచి, తొడను నిలువు గీత నుంచి సుమారు 45 డిగ్రీలు పక్కకు వాలుస్తాడు. కప్ప కాలులా ఉంటుంది. ఇది దెబ్బ లేని నొప్పికి, పిల్లల తుంటికి. రెండు కాళ్లూ ఒకేసారి వాల్చి ఒకే ఎక్స్‌పోజర్‌లో రెండు తుంటులూ తీయవచ్చు. దీన్ని గుర్తుపెట్టుకోండి, లెక్కలో మళ్లీ వస్తుంది. పడిపోయిన మనిషికి మాత్రం ఫ్రాగ్ లెగ్ ఎప్పుడూ పనికిరాదు. వాళ్లకు క్రాస్ టేబుల్ లేటరల్.

క్రాస్ టేబుల్‌లో బాగున్న కాలిని మోకాలు, తుంటి మడిచి పైకెత్తి ఆధారం మీద పెడతాం. క్యాసెట్‌ని (చిత్రం పడే పలకను) నొప్పి ఉన్న వైపు నడుం ఎముక పైన గాడిలో ఆనించి, పై అంచు ఒంటికి తగులుతూ కింది అంచు దూరంగా ఉండేలా సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా నిలబెట్టాలి. అప్పుడు అది తొడ ఎముక మెడకు సమాంతరంగా వస్తుంది. కిరణం అడ్డంగా, గజ్జ గుండా, మెడకు లంబంగా వెళ్తుంది. తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. కిరణం గ్రిడ్‌కి సరిగ్గా లంబంగా పడకపోతే ఫిల్ము ఒక పక్క తెల్లబడుతుంది. పరుపు మెత్తగా ఉండి రోగి కుంగితే కీలు సగం కోసుకుపోతుంది, తుంటి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టి ఎత్తుకోవాలి. ఎత్తిన కాలు జారి కిరణానికి అడ్డం వస్తుంది, చూస్తూ ఉండాలి. రెండో కాలు కూడా ఎత్తలేని మనిషైతే క్లెమెంట్స్-నకయామా పద్ధతి ఉంది. కాళ్లు రెండూ చాపి ఉంచి, కిరణాన్ని 15 డిగ్రీలు కిందికి వాల్చి తీయడం. భారీ మనుషుల్లో ఈ వ్యూ స్పష్టంగా రావడం కష్టమే. అయినా ఏపీ ఒక్కటే తీసి వదిలేయకూడదు. ఏపీలో సజావుగా కనిపించిన మెడ లేటరల్‌లో వెనక్కి ఒంగి కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

మిగతా వ్యూల పేర్లు కోడర్‌కి తెలిసుంటే చాలు. జూడె వ్యూలు అంటే గిన్నె విరుగుల కోసం 45 డిగ్రీలు పక్కకు తిప్పి తీసే రెండు ఏటవాలు వ్యూలు. డన్ వ్యూ తొడ ఎముక తలకూ మెడకూ మధ్య అదనపు ఎముక గుబ్బ కోసం. ఫాల్స్ ప్రొఫైల్ నిలబెట్టి, కటిని 65 డిగ్రీలు తిప్పి తీస్తారు. కీలు మార్పిడికి ముందు తీసే ఫిల్ములో 25 మిల్లీమీటర్ల లోహపు గోళీని ఎముక లోతుకు సరిపడేలా తొడ పక్కన ఉంచుతాం, సర్జను ఇంప్లాంటు సైజు దానితో కొలుచుకుంటాడు. గోళీ టేబుల్ మీదే పడి ఉంటే కొలత తప్పుతుంది. మార్పిడి తరువాత తీసేటప్పుడు కిరణం కిందికి జరపాలి, ఇంప్లాంటు కాడ కొస, దాని కింద సిమెంటు, కొంత మామూలు ఎముక కనిపించాలి. నాలుగు నెలలలోపు పసిబిడ్డకు ఎక్స్‌రే వద్దు, తొడ ఎముక తల ఇంకా మెత్తటి మృదులాస్థే, ఫిల్ములో కనబడదు. అప్పుడు అల్ట్రాసౌండ్. దానికి కోడ్లు వేరే, 76885, 76886.

మార్కరు గురించి ఒక్కమాట. ఎడమా కుడా అని చూపే సీసపు అక్షరాన్ని ఎక్స్‌పోజర్ ముందే ఫిల్ము మీద పడేలా పెట్టాలి. తీశాక కంప్యూటరులో టైపు చేసిన అక్షరాన్ని నేను నమ్మను. వరసగా నలుగురు రోగులు ఉన్న రోజున చిత్రం అడ్డం తిరిగినా ఎవరికీ తెలియదు. వైపు తప్పిన ఫిల్ము ఆపరేషన్ థియేటరు దాకా వెళ్తే జరిగేది క్లెయిమ్ తిరస్కరణ కాదు.

ఇప్పుడు కోడింగ్. మన దగ్గర రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్‌టీఆర్ వైద్య సేవ కింద తుంటి ఆపరేషన్ అయితే ప్యాకేజీ కోడ్ ఉంటుంది, ముందూ తరువాతా తీసిన ఎక్స్‌రేలు ఆధారంగా జతచేయాలి. ఎక్స్‌రేకి విడిగా సిపిటి కోడ్ (చేసిన పరీక్షకు వేసే అమెరికా కోడ్) వేయడం ఇక్కడి పద్ధతి కాదు. సిపిటి అమెరికా మెడికల్ అసోసియేషన్‌ది, ఏటా జనవరి 1న మారుతుంది. తుంటి ఎక్స్‌రేలకు 2016లో పెద్ద మార్పు వచ్చింది. 73500, 73510, 73520, 73530, 73540 తీసేశారు. వాటి చోట ఆరు కోడ్లు వచ్చాయి. ఒక వైపు తుంటికి 73501 అంటే ఒక వ్యూ, 73502 అంటే రెండు లేక మూడు, 73503 అంటే నాలుగు లేక అంతకన్నా ఎక్కువ. రెండు వైపులా తీస్తే 73521 రెండు వ్యూలకు, 73522 మూడు లేక నాలుగుకు, 73523 అయిదు లేక అంతకన్నా ఎక్కువకు.

ఈ ఆరింటి వివరణలోనూ 'పెల్విస్ తీసి ఉంటే దానితో కలిపి' అన్న మాట ఉంది. తప్పుల్లో సగానికి మూలం ఆ మాటను చదవకపోవడం. ఏపీ పెల్విస్ ఒకటి, కుడి తుంటి ఫ్రాగ్ లేటరల్ ఒకటి తీశారనుకోండి. కొత్త కోడరు పెల్విస్‌కి 72170, తుంటికి 73501 అని రెండు వేస్తాడు. తప్పు. పెల్విస్ కూడా తుంటి లెక్కలో ఒక వ్యూయే. మొత్తం రెండు వ్యూలు, 73502, కుడి వైపుకి ఆర్‌టి మాడిఫయరు (కోడ్‌కి తోడుగా పెట్టే చిన్న గుర్తు). ఏపీ పెల్విస్‌తోపాటు కుడి తుంటికి విడిగా ఏపీ, లేటరల్ తీసినా మూడే, మళ్లీ 73502 ఒక్కటే. ఈ రెంటినీ విడగొట్టి, వేరే పరీక్ష అని చెప్పే 59 మాడిఫయరుతో దాటించడం సరికాదు. ఎన్‌సిసిఐ ఎడిట్ (కలిపి బిల్లు చేయకూడని కోడ్ల జంటలను పట్టే అమెరికా నియమం) ఉన్నదే దాన్ని ఆపడానికి.

రెండు వైపుల లెక్క ఇంకా జారుడు. ఏపీ పెల్విస్ ఒకటి, రెండు కాళ్లూ వాల్చి ఒకే ఎక్స్‌పోజర్‌లో ఫ్రాగ్ లెగ్ ఒకటి అయితే వ్యూలు రెండు, 73521. అదే ఫ్రాగ్ లెగ్‌ని కుడికి ఒకటి, ఎడమకు ఒకటి విడివిడిగా తీస్తే పెల్విస్‌తో కలిపి మూడు, 73522. ఏపీ పెల్విస్, రెండు తుంటులకూ విడిగా ఏపీ, లేటరల్ తీస్తే అయిదు, 73523. రోగి ఒకడే, జబ్బు ఒకటే, టేబుల్ మీద ఎన్నిసార్లు ఎక్స్‌పోజ్ చేశారన్నదే తేడా. రిపోర్టులో 'బైలేటరల్ ఫ్రాగ్ లెగ్' అని మాత్రమే ఉంటే అది ఒకటా రెండా అన్నది టెక్నిక్ వాక్యంలో వెతకాలి. ఏపీ పెల్విస్ ఒక్కటే తీసి, ఆర్డరులో రెండు తుంటులూ అని రాసి ఉంటే అది 72170. రెండు తుంటులు అందులో కనిపించినంత మాత్రాన 73521 కాదు, ఆ కోడ్‌కి రెండు వ్యూలు కావాలి. ఏపీ పెల్విస్‌తో రెండు జూడె వ్యూలు తీసి, గిన్నె గురించి రాస్తే అది పెల్విస్ మూడు వ్యూలు, 72190.

లెక్కలోకి రానివి కూడా తెలియాలి. రీటేక్ వ్యూ కాదు. మొదటిసారి కదిలిపోయి మళ్లీ తీసిన ఏపీ ఒక్కటే ఏపీ. ఇంప్లాంటు కాడ పొడుగై ఒకే వ్యూని పైనొకటి కిందొకటి రెండు ఫిల్ముల్లో పట్టించినా అది ఒక్క వ్యూయే. తొడ ఎముక మొత్తాన్ని తీయడం వేరే పరీక్ష, 73551 ఒక వ్యూకి, 73552 రెండు అంతకన్నా ఎక్కువకు. ఎముక సర్ది మళ్లీ తీసిన ఎక్స్‌రే అయితే అది నిజంగా వేరే పరీక్ష, వేళ, కారణం వేరు. అదే కోడ్ మళ్లీ వస్తే 76 మాడిఫయరు, వేరే డాక్టరు చదివితే 77.

రెండు వైపుల కోడ్లకు ఆర్‌టి (కుడి), ఎల్‌టి (ఎడమ), 50 (రెండు వైపులా) ఏవీ పెట్టకూడదు, వాటి అర్థంలోనే రెండు వైపులూ ఉన్నాయి. 73502కి 50 తగిలించి రెండు వైపులని చూపడం కూడా తప్పే. రేడియాలజిస్టు చదివినందుకు 26, యంత్రం, సిబ్బంది ఖర్చుకు టిసి. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్‌లో పాత ఫిల్ముతో తీస్తే ఎఫ్‌ఎక్స్, క్యాసెట్ రీడరుతో తీసే సిఆర్ అయితే ఎఫ్‌వై. ఎఫ్‌ఎక్స్ వల్ల సాంకేతిక భాగం చెల్లింపు 20 శాతం తగ్గుతుంది, ఎఫ్‌వై వల్ల 2018 నుంచి 7 శాతం, 2023 నుంచి 10 శాతం.

రిపోర్టు శీర్షికలో 'కంప్లీట్' అని ఉన్నా, 'మినిమం రెండు వ్యూలు' అని ఉన్నా అది ఆసుపత్రి కంప్యూటరు తనంతట తాను ఎక్కించిన పేరు. లోపల టెక్నిక్ దగ్గర 'ఏపీ, లేటరల్' అని రాసి ఉన్నదే లెక్క. రెంటికీ పొంతన లేకపోతే రేడియాలజిస్టుకి ప్రశ్న పంపాలి. 'మల్టిపుల్ వ్యూస్' అని ఉండి సంఖ్య లేకపోతే ఊహించి మూడు అనుకోవద్దు. జవాబు రాకపోతే అతి తక్కువ కోడ్‌తో సరిపెట్టాలి. నేను చూసినంతలో ఇలా పోయే డబ్బే ఎక్కువ. నాలుగు వ్యూలు తీసి, చదివి, రాయడంలో ఒక మాట వదిలేసినందుకు 73503 కాస్తా 73501 అవుతుంది. ఆ నాలుగో వ్యూ కోసం ఎవరో బరువైన కాలు ఎత్తి పట్టుకున్నారని తెలిసినవాడికి అది బాధగానే ఉంటుంది.

ఇక జబ్బు కోడ్లు. ఈ కోడ్ల పట్టిక ఐసిడి-10-సిఎం అమెరికాలో 2015 అక్టోబరు 1న మొదలైంది, ఏటా అక్టోబరు 1న మారుతుంది. సూత్రం ఇది: రేడియాలజిస్టు తుది రిపోర్టులో ఖాయంగా చెప్పిన జబ్బు ఉంటే అదే కోడ్, దానికి సంబంధించిన నొప్పిని మళ్లీ వేయక్కర్లేదు. ఏమీ తేలకపోతే ఆర్డరులో రాసిన లక్షణమే కోడ్. కుడి తుంటి నొప్పికి ఎం 25.551, ఎడమకు ఎం 25.552. కుడి తుంటి ఆస్టియో ఆర్థరైటిస్ అని రాస్తే, ఏ రకమో చెప్పకపోయినా ఎం 16.11, ఎడమకు ఎం 16.12, రెండు వైపులా అయితే ఎం 16.0. కానీ 'కీలు సందు కొద్దిగా తగ్గింది' అని మాత్రమే ఉంటే అది జబ్బు పేరు కాదు. మనకు తెలిసినా సరే ఆర్థరైటిస్ అని వేయకూడదు, రోగాన్ని నిర్ధారించే పని కోడరుది కాదు. నాలాంటి ఎక్స్‌రే గది నుంచి వచ్చినవాళ్లకు ఈ ఒక్క అలవాటు మానడమే కష్టం.

మాటల బరువు చూడాలి. 'ప్రాబబుల్', 'సస్పెక్టెడ్', 'రూల్ అవుట్', 'కంపాటిబుల్ విత్', 'కన్సిస్టెంట్ విత్' ఉంటే అవుట్‌పేషెంటులో ఆ జబ్బు వేయకూడదు. 'కన్సర్న్ ఫర్' కూడా అనుమానమే. 'ఎవిడెన్స్ ఆఫ్' మాత్రం అనుమానం కాదు, వేయవచ్చు. 'నాన్ డిస్‌ప్లేస్డ్ ఫ్రాక్చర్ నాట్ ఎక్స్‌క్లూడెడ్' (ముక్కలు జరగని విరుగు లేదని చెప్పలేం) అన్న వాక్యంలో ఫ్రాక్చర్ అన్న మాట చూసి తొడ ఎముక విరుగు కోడ్ ఎస్ 72 వేసిన చార్టులు ఆడిట్‌లో నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ఫ్రాక్చర్ ఖాయమైతే చోటు ముఖ్యం. తల కింద విరిగితే ఎస్ 72.01 వరుస, మెడ అడుగున అయితే ఎస్ 72.04, రెండు ట్రోకాంటర్ల మధ్య అయితే ఎస్ 72.14, వాటి కింద అయితే ఎస్ 72.2. ముక్కలు జరిగాయో లేదో రాయకపోతే జరిగినట్టే, పైకి తెరుచుకుందో లేదో రాయకపోతే మూసుకున్నట్టే లెక్క. కుడి వైపు ముక్కలు జరిగిన ఇంటర్ ట్రోకాంటరిక్ (రెండు ట్రోకాంటర్ల మధ్య) విరుగుకి ఎస్ 72.141ఎ. ఆ చివరి ఎ 'మొదటిసారి రావడం' కాదు, చికిత్స నడుస్తున్న దశ. అతుకుతున్న ఎముకను చూడటానికి మామూలు ఫాలో అప్‌లో తీస్తే డి, అతకడం ఆలస్యమైతే జి, అతకకపోతే కె, వంకరగా అతికితే పి. చిన్నగా జారిపడి విరిగిన ముసలావిడకు ఆస్టియోపొరోసిస్ ఉందని రికార్డులో ఉంటే, అలాంటి దెబ్బకు గట్టి ఎముక విరగదు అన్నప్పుడు, ఎస్ 72 కాదు, ఎం 80.051ఎ, ఎడమైతే ఎం 80.052ఎ. వయసు వల్ల వచ్చిన ఆస్టియోపొరోసిస్‌కి ఇది. పెద్దవాళ్లలో దెబ్బేమీ లేకుండా లెసర్ ట్రోకాంటర్ ఒక్కటే ఊడిందంటే క్యాన్సరు పాకిందేమోనని డాక్టర్లు వెతుకుతారు. అలాంటి రిపోర్టును మామూలు దెబ్బ కింద తోసేయకుండా ఆగి చదవండి.

కీలు మార్పిడి అయినవాళ్లకు, ఫిల్ము బాగుంటే, కుడికి జడ్ 96.641, ఎడమకు జడ్ 96.642. వదులైతే టి 84.030ఎ, ఊడితే టి 84.020ఎ, ఎడమకు చివరి అంకె 1. ఇంప్లాంటు చుట్టూ ఎముక విరిగితే కుడికి ఎం 97.01ఎక్స్‌ఎ.

తొడ ఎముక తల రక్తం అందక చచ్చుబడటం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది మన ఉత్తరాంధ్రకు దగ్గరి విషయం. పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయేది) ఉంది. ఆ పిల్లలకు, యువకులకు తుంటి నొప్పి వస్తే మొదట తలుచుకోవలసింది ఇదే. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగా ఉంటుంది. తరువాత తల పై పొరకు కిందుగా నెలవంకలా నల్లటి గీత, ఆ తరువాత తల చప్పబడటం. ఆ గీత ఫ్రాగ్ లెగ్ వ్యూలోనే బాగా కనబడుతుంది, ఏపీ ఒక్కటే తీస్తే దాటిపోతుంది. ఘాట్ దిగి ఇంత దూరం వచ్చిన మనిషికి ఆ రెండో వ్యూ తీయకుండా పంపకూడదు. కోడింగ్‌లో కారణమే ముందు. సికిల్ సెల్ వల్ల అని రాస్తే మొదట డి 57 వరుసలోది, క్రైసిస్ (ఆ జబ్బులో హఠాత్తుగా వచ్చే తీవ్ర నొప్పి) లేకపోతే డి 57.1, తరువాత కుడికి ఎం 90.551, ఎడమకు ఎం 90.552. స్టెరాయిడ్ల వంటి మందుల వల్ల అయితే ఎం 87.15 వరుస, మందు దుష్ఫలితం కోడ్ తోడుగా. పాత దెబ్బ వల్ల అయితే ఎం 87.25. కారణం రిపోర్టులో లేకపోతే మనం కలపకూడదు.

చార్టు పంపే ముందు వైపును మూడు చోట్ల సరిచూస్తాను: ఆర్డరు, రిపోర్టు శరీరం, చివర తేల్చి రాసే ఇంప్రెషన్. ఆర్‌టి పెట్టి ఎం 25.552 వేస్తే క్లెయిమ్ తిరిగొస్తుంది. రిపోర్టులోనే ఒక చోట కుడి, ఇంకో చోట ఎడమ ఉంటే కోడ్ వేయకుండా ఆపి, అడెండం (రేడియాలజిస్టు దిద్ది రాసే అదనపు మాట) వచ్చాకే వేయాలి.

ఒక సందర్భంలో మాత్రం ఎక్స్‌రే, కోడ్ రెండూ సరిగ్గా ఉండి కూడా మనసు ఒప్పుకోదు. పెద్దావిడ పడింది, కాలు కింద పెట్టలేదు, రెండు వ్యూలూ బాగా తీశారు, ఫిల్ములో విరుగు లేదు. సన్నటి విరుగు ఎక్స్‌రేకి చిక్కకపోవచ్చు. ఎక్స్‌రే గదిలో ఉన్నవాళ్లు చేయాల్సింది, ఆవిడ బరువు మోపలేకపోతోందని డాక్టరుకు చెప్పడం, నడిపించి ఇంటికి పంపకపోవడం. మర్నాడు ఎమ్మారై తీస్తారు, 73721, అందులో మెడ విరుగు బయటపడుతుంది. ఎమ్మారై క్లెయిమ్‌కి ఫ్రాక్చర్ కోడ్ వెళ్తుంది. ముందురోజు ఎక్స్‌రే క్లెయిమ్‌లో మాత్రం ఎం 25.551 అలాగే ఉండాలి, వెనక్కి వెళ్లి దాన్ని ఫ్రాక్చర్‌గా దిద్దకూడదు.